మంచు ఎత్తే పని మామదా, అల్లుడిదా?

ప్రశ్న: అయ్యా, మాది తిరుపతి, ఎమ్మార్ పల్లి. మా అమ్మాయి, అల్లుడు, నాలుగేళ్ల మనవరాలు అమెరికాలో బఫెలో దగ్గర ఉంటారు. జనవరి మూడో వారంలో అమ్మాయికి రెండో కాన్పు. డిసెంబరు చివర్లో మేమిద్దరం బయల్దేరుతున్నాం. అక్కడ మంచు తుపాను వస్తే మూడు నాలుగు రోజులు గడప దాటడానికి ఉండదట. ఆ టైములో కరెంటు పోతే బాలింతను, పసిబిడ్డను ఎట్లా చూసుకోవాలో తెలియడం లేదు. గదిలో కుంపటి పెట్టుకోవచ్చా? బిడ్డకు సాంబ్రాణి వేయొచ్చా? ఇంకో బాధ కూడా ఉంది. మా వారికి 64 ఏళ్లు. రెండేళ్ల కిందట గుండెకు స్టెంటు వేశారు. 2021 వానలకు మా ఇంట్లోకి వచ్చిన బురదంతా మూడు రోజులు తానే ఎత్తిపోశారు, కూలి మనిషిని పిలవనివ్వలేదు. మొన్న వీడియో కాల్‌లో "మంచు ఎత్తడానికి నేనొస్తున్నా గదా" అంటే, అల్లుడు "మామా, మీరు పార ముట్టుకోనే కూడదు" అని కొంచెం గట్టిగానే అన్నాడు. అప్పట్నుంచి ఈయన సరిగా మాట్లాడడం లేదు. "అల్లుడు కష్టపడతా ఉంటే కిటికీ కాడ కూర్చుని వేడుక చూడాల్నా? నేను రాను పో" అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, తిరుపతి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. మీ వారు ఇప్పుడు అంటున్నది, 2016 జనవరిలో నేను అన్న మాటే. మీ అల్లుడు గట్టిగా చెప్పాడు. మా అల్లుడు మెత్తగా చెప్పాడు, నేను వినలేదు. అందుకని మీ ప్రశ్నల వరుస మార్చి చివరిదాంతో మొదలుపెడతాను. ఈ ముక్క మాత్రం కాఫీ ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని మీ వారికి చదివి వినిపించండి.

ఆ ఏడు సంక్రాంతి ఇక్కడే చేసుకుని న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గరికి పోయినాం. జెట్‌లాగ్ వదిలీ వదలకముందే మంచు తుపాను హెచ్చరిక వచ్చింది. జనవరి 23 శనివారమంతా కురిసింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 27.5 అంగుళాలు పడింది. ఒక్క తుపానులో అంత మంచు అక్కడ అంతకుముందెప్పుడూ కొలవలేదు. మా అమ్మాయి వాళ్ల వీధిలోనూ మోకాలు దాటింది. ఆదివారం పొద్దున లేస్తే ఆకాశం నీలంగా, ఎండ కళ్లలో గుచ్చుకునేట్టు ఉంది. గరాజు తలుపు పైకి లేపితే దాని వెనక తెల్లటి గోడ. తలుపు మీది గళ్లన్నీ ఆ గోడ మీద అచ్చు పడి ఉన్నాయి, చెక్క అచ్చులో ఒత్తి తీసినట్టు.

"మామయ్యా, మీరు లోపలుండండి" అన్నాడు అల్లుడు. నేను పలక్కుండా మూలనున్న రెండో పార అందుకున్నాను. పై మంచు దూది మాదిరి ఉంది. తోస్తే పోతుంది, ఎత్తితే బరువే తెలియదు. పది నిమిషాలు చిన్నపిల్లాడిలా ఎగిరి పడ్డాను. ఇంతేనా, దీనికా ఇంత హడావుడి అనుకుంటూ డ్రైవ్‌వే చివరికొచ్చాను. అక్కడ అసలు సంగతి తెలిసింది. రోడ్డు మీది మంచును తోసే బండి రాత్రంతా తిరుగుతుంది కదా, అది పక్కకు నెట్టిందంతా మన ఇంటి ముందర చెరువు కట్ట మాదిరి పేరుకుపోతుంది. అది దూది కాదు. నీళ్లు తాగి, ఉప్పూ మట్టీ కలిసి, గడ్డలు గడ్డలుగా బిగుసుకుపోయిన సరుకు. పార దిగదు. కాలితో తొక్కి, ఊపిరి బిగబట్టి ఎత్తాను. నాలుగో పారకో అయిదో పారకో ఎడమ దవడ కింద ఎవరో నరం పట్టి లాగినట్టయింది. స్వెట్టరు లోపల కాటన్ బనీను చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. పని ఆపి నిలబడగానే ఆ తడి ఐసుగడ్డ అయింది. గరాజు మెట్టు మీద కూలబడ్డాను. అల్లుడు పార పారేసి పరిగెత్తుకొచ్చాడు. 911కు (మన 108 లాంటిది) ఫోన్ చేస్తానంటే, పరువు పోతుందని నేనే వద్దన్నాను. అది రెండో తప్పు. ఆ పూట ఏమీ కాకపోవడం నా తెలివి కాదు, మా ఆవిడ పసుపుకుంకాల బలం. దవడ లాగినా, ఛాతీ మీద బరువు పెట్టినట్టున్నా, ఊపిరి అందకపోయినా పరువు సంగతి తర్వాత, ఫోన్ ముందు.

ఇప్పుడు మీ వారు అడిగే ప్రశ్న నాకు తెలుసు. మూడు రోజులు బురద ఎత్తినోణ్ణి, మంచు ఎత్తలేనా? ఆ బురద నేనూ ఎత్తాను. 2021 నవంబరు 18, 19 తేదీల వానకు మా వీధిలోనూ నడుం లోతు నీళ్లు వచ్చి పోయాయి. అప్పుడు ఒళ్లు వెచ్చగా ఉంది. మధ్య మధ్యలో పక్కింటాయనతో గోడ మీద నుంచి మాట్లాడుతూ, టీ తాగుతూ, మెల్లగా చేశాం. అప్పటికి మీ వారికి స్టెంటు లేదు. మంచులో అలా కాదు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది. చేతులతో బరువు ఎత్తుతూ ఊపిరి బిగబడితే అది ఇంకా ఎగబాకుతుంది. కాళ్లు మాత్రం ఒకేచోట నిలబడి ఉంటాయి. పైన చల్లగాలి పీలుస్తున్నాం. గుండెకు రక్తం ఎక్కువ కావలసిన సమయంలోనే గుండెకు పోయే దారులు ఇరుకవుతాయి. డాక్టర్లు చెప్పే లెక్క ఇదే. అమెరికాలో 1990 నుంచి 2006 దాకా 17 ఏళ్లలో మంచు ఎత్తుతూ గుండె ఆగి చనిపోయినవాళ్లు 1,600 మందికి పైనే. వాళ్లు అక్కడే పుట్టి పెరిగి, చలికి అలవాటుపడ్డవాళ్లు.

బరువు లెక్క కూడా చెబుతాను, మీ వారు లెక్కల మనిషైతే కుదురుతారు. రెండు కార్లు పట్టే డ్రైవ్‌వే అంటే ఆరు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు అనుకుందాం. దాని మీద రెండడుగుల మంచు పడితే 18 ఘనపు మీటర్లు. దూది లాంటి పొడి మంచే ఘనపు మీటరుకు ఇంచుమించు 100 కిలోలు తూగుతుంది. మొత్తం 1,800 కిలోలు, అంటే 25 కిలోల బియ్యం బస్తాలు 72. తడి మంచయితే దానికి రెండింతలు, మూడింతలు. ఆ బస్తాలన్నీ ఇంటి ముందు దించి, "ఒక్కొక్కటే పక్కకు విసరండి, బయట సున్నాకు పది డిగ్రీల కింద ఉంది" అంటే ఎమ్మార్ పల్లిలో ఎవరైనా ఒప్పుకుంటారా?

మన వరదల నాటి ఇంకో ముచ్చట చెప్పనీయండి. మీకు దగ్గర్లోనే, కృష్ణానగర్‌లో, వరద తగ్గాక ఒకావిడ సిమెంటు వరల నీళ్ల తొట్టిలోకి దిగి శుభ్రం చేస్తుంటే ఆ తొట్టి భూమిలోంచి పైకి లేచి నిలబడింది గుర్తుందా? ఊరంతా పోయి చూసొచ్చింది. కొందరు దండం కూడా పెట్టారు. నేల నిండా నీళ్లు ఊరి ఉన్నప్పుడు తొట్టి ఖాళీ చేస్తే, కింది నీళ్లు దాన్ని పడవలా పైకి నెట్టేశాయి. నేల ఆరేదాకా ఆగివుంటే తొట్టి దాని చోట అది ఉండేది. మంచు తుపాను కథ కూడా ఇంతే అమ్మా. పడుతున్న మంచు ఇంట్లో వెచ్చగా కూర్చున్నవాణ్ణి ఏమీ చేయదు. పడుతుండగా కారు తీసినవాణ్ణి, ఆగీ ఆగకముందే పార పట్టినవాణ్ణి, చలికి తాళలేక ఇంట్లో నిప్పు పెట్టుకున్నవాణ్ణి చేస్తుంది.

మరి మీ వారు కిటికీ దగ్గర కూర్చోవలసిందేనా? కూర్చోవాలి, కానీ పనిగా కూర్చోవాలి. మంచు ఎత్తే మనిషికి తన అలసట తనకు తెలియదు. పావుగంట కాగానే తలుపు తీసి "నాయనా, లోపలికి రా" అని పిలిచేవాళ్లు ఒకరు కావాలి. వచ్చినవాడికి ఆరిన గ్లవ్స్, ఆరిన సాక్సు, వేడి టీ చేతికివ్వాలి. తడిసినవి హీటరు దగ్గర ఆరబెట్టాలి. మళ్లీ పోయేముందు ముఖం చూడాలి. మాట ముద్దగా వస్తోందా, వణుకు ఆగకుండా ఉందా, వేళ్ల కొసలు తెల్లబడ్డాయా? తెల్లబడితే రుద్దకూడదు, గోరువెచ్చటి నీళ్లలో పెట్టాలి. మామ అల్లుడిని కనిపెట్టుకుని ఉండడం మన్ననే గాని చిన్నతనం ఏముంది?

ఇంకొకటి. కొత్త సంవత్సరం వచ్చీ రాగానే సంక్రాంతి. అల్లుడికి బట్టలు ఎలాగూ పెడతారు. ఈసారి ఆ ప్యాంటూ చొక్కా మానేసి, మంచు తోసే మిషను ఒకటి మామ కొనిపెట్టాడనిపించండి. స్నోబ్లోవర్ అంటారు. అంత పెట్టలేమనుకుంటే, ట్రక్కు ముందు మంచు తోసే పలక తగిలించుకుని సీజనంతా ఇంటింటికీ వచ్చి మంచు తోసిపోయేవాళ్లు ఉంటారు. ఆ బిల్లు మీ వారిని కట్టనివ్వండి. అల్లుడు వద్దంటాడు. పండగ మర్యాద అని మీరు గట్టిగా చెప్పండి. మిషనులో మంచు ఇరుక్కుంటే మాత్రం ఆపేసి కర్రతో తీయాలి, చెయ్యి పెట్టకూడదు. ఇది అల్లుడికి.

అల్లుడు కుర్రాడు కదా అని అతణ్ణి వదిలేయొద్దు. ఎత్తడం కంటే తోయడం మేలు. మోకాళ్లు వంచాలి, నడుము కాదు. అడుగు లోతున్నప్పుడు పైనుంచి పొరలు పొరలుగా తీయాలి, ఒకేసారి అడుగుదాకా పార దింపకూడదు. గాలి తగ్గి కాస్త తెరిపి ఇచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం తీసుకుంటే చివర్న ఆ 72 బస్తాలు ఒకేసారి మీద పడవు. అయితే ఏది ముందు, ఏది వెనక అన్నది అన్నిటికంటే ముఖ్యం. అందరూ ముందు కారు దగ్గరికి పరిగెత్తుతారు. కారుకు తొందరేముంది, రోడ్డే తెరవలేదు. ముందు ఇంటి పక్కగోడకు పోవాలి. ఇల్లు వెచ్చబెట్టే గ్యాసు ఫర్నేసు పొగ, చాలా ఇళ్లల్లో గోడలోంచి బయటికి పెట్టిన తెల్ల గొట్టం గుండా పోతుంది. గాలికి కొట్టుకొచ్చిన మంచు దాన్ని మూసేస్తే ఫర్నేసు ఆగిపోతుంది, లేదంటే విషపు గాలి లోపలికి తిరుగుతుంది. ఆ గొట్టం ఎక్కడుందో దిగిన మొదటి రోజే అల్లుణ్ణి అడిగి చూసి పెట్టుకోండి. తర్వాత గుమ్మం నుంచి రోడ్డు దాకా ఒక మనిషి నడిచే దారి. ఇంటి ముందు ఫైరింజను వాళ్ల నీటి గొట్టం ఉంటే దాని చుట్టూ. కారు ఆఖరున.

ఆ కారు దగ్గర కూడా ఒక మాట. నేను చెప్పిన 2016 తుపానులోనే, న్యూజెర్సీలోనే, ఒకాయన కారు చుట్టూ మంచు తీస్తూ, పిల్లలకు చలేస్తుందని భార్యనూ పిల్లల్నీ కారులో కూర్చోబెట్టి ఇంజను ఆన్ చేశాడు. వెనక సైలెన్సరు గొట్టం మంచులో కూరుకుపోయి ఉంది. పొగ బయటికి పోయే దారిలేక లోపలికే వచ్చింది. ఆయన బయట పార వేస్తూనే ఉన్నాడు, లోపల తల్లీ, ఏడాది బిడ్డా పోయారు. టీవీలో ఆ వార్త చూసి మా ఇంట్లో ఆ పూట ఎవరికీ అన్నం దిగలేదు.

కుంపటి సంగతికి వచ్చాను. వద్దమ్మా. ఈ ఒక్క విషయంలో నేను బతిమాలుకుంటాను. మన అవ్వలు బాలింత మంచం కింద కుంపటి పెట్టారు. వాము, వెల్లుల్లి పొట్టు వేసి పొగ పట్టారు. బిడ్డకు నీళ్లు పోసి సాంబ్రాణి చూపించారు. నేనూ ఆ పొగలో పెరిగినవాణ్ణే. కానీ మన పాత మిద్దెలకు పైన గవాక్షి ఉండేది, వాకిలి పగలంతా తెరిచే ఉండేది, తలుపు సందుల్లోంచి పిల్లి దూరేది. బఫెలో ఇల్లు అలా కాదు. వెచ్చదనం పోకుండా ఎక్కడికక్కడ బిగించి కట్టిన డబ్బా అది. బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనబడ్డం లేదు కదా, నిప్పు కణకణలాడుతోంది కదా అనుకుంటాం, అప్పుడే అది ఎక్కువ. తల నొస్తుంది, కడుపులో తిప్పుతుంది, నిద్ర ముంచుకొస్తుంది. చలికి కాబోలనుకుని ముసుగు తన్ని పడుకుంటారు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చిందంటే అది జలుబు కాదు, వెంటనే బయటి గాలిలోకి రావాలి, 911కు చేయాలి.

ఇది పెద్దవాళ్ల చాదస్తానికి చెప్పే బెదిరింపు కాదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో, మనవాళ్లు వేలల్లో ఉండే డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో, చలికి కరెంటు వ్యవస్థే కుప్పకూలి 40 లక్షలకు పైగా ఇళ్లు చీకట్లో పడ్డాయి. మొత్తం రెండు వందల మందికి పైగా చనిపోయారు. అందులో కొందరు, చలికి ఆగలేక ఇంట్లో బొగ్గుల గ్రిల్లు వెలిగించుకున్నవాళ్లు, గరాజులో కారు ఆన్ చేసి కూర్చున్నవాళ్లు. వాళ్లకూ చదువులున్నాయి, ఇంటర్నెట్టుంది. చలి వేసినప్పుడు మనిషికి నిప్పు తప్ప ఇంకేదీ తోచదు.

కాబట్టి సాంబ్రాణి ఇక్కడే వదిలిపెట్టండి. బిడ్డ తల ఆరడానికి మెత్తటి తువ్వాలు చాలు. గ్యాసు పొయ్యి వెలిగించి గది వెచ్చబెట్టుకోవడమూ అంతే తప్పు, వంటకు మించి దాన్ని వాడొద్దు. జనరేటరు ఉంటే ఇంటికి కనీసం ఇరవై అడుగుల దూరంలో, కిటికీలకు ఎడంగా, బయట. గరాజులో కాదు, తలుపు తెరిచిపెట్టినా కాదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడగ్గదుల దగ్గర ఉందో లేదో, బ్యాటరీ పనిచేస్తోందో లేదో బయల్దేరకముందే అమ్మాయితో నొక్కి చూపించమనండి. దాని బొత్తాం నొక్కితే కీచుమంటుంది. ఫోన్లోనే మీకు వినిపిస్తుంది.

మరి కరెంటు పోతే వెచ్చదనం ఎలా? ముందొక విషయం తెలుసుకోండి. అక్కడ ఫర్నేసు గ్యాసుతో మండినా, వేడిగాలిని గదుల్లోకి తోసే ఫ్యాను కరెంటుతో తిరుగుతుంది. కరెంటు పోతే గ్యాసున్నా ఇల్లు చల్లబడుతుంది. ఆ పూట ఇంటిల్లిపాదీ ఒక్క గదిలోకి చేరండి, ఎండ తగిలే వైపు చిన్న గదైతే మంచిది. తలుపు కింద సందుకు తువ్వాళ్లు, కిటికీలకు దుప్పట్లు. పసిబిడ్డకు తల్లి ఎదను మించిన కుంపటి లేదు. బట్టలు విప్పి, టోపీ పెట్టి, తల్లి గుండెల మీద నేరుగా పడుకోబెట్టి పైనుంచి ఇద్దరికీ కలిపి కప్పాలి, బిడ్డ ముక్కూ నోరూ తెరిచి ఉంచి. తల్లికి నిద్ర వస్తే మీరో తండ్రో ఆ ఎద ఇవ్వాలి. బిడ్డ పడుకునే చోట వదులు దుప్పట్లు కుక్కొద్దు. తల్లిపాలు పడితే కాచే పనే లేదు. డబ్బా పాలైతే ఒక ఫ్లాస్కు నిండా వేడినీళ్లు తుపాను మొదలవక ముందే పోసి పెట్టుకోండి. దీపం బదులు బ్యాటరీ లైట్లు. దేవుడి దగ్గర వత్తి వెలిగించినా మీరు లేచి పోయేముందు కొండెక్కించండి. కొళాయిలు సన్నటి ధారగా వదిలి, సింకు కింద అర తలుపులు తీసి పెడితే గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి పగలకుండా ఉంటాయి. ఫ్రిజ్‌లో పాలు విరిగిపోతాయన్న దిగులు మాత్రం అక్కడ ఉండదు, గరాజే పెద్ద ఫ్రిజ్.

బఫెలోలోనే ఎందుకంత మంచని మీరు అడగలేదు గానీ, తెలిస్తే భయం తగ్గుతుంది. పక్కన ఈరీ సరస్సు ఉంది. ఎండాకాలపు వేడి దాని నీళ్లలో ఇంకా మిగిలి ఉంటుంది. పైనుంచి గడ్డకట్టే గాలి ఆ నీళ్ల మీదుగా వస్తూ తేమను మోసుకొచ్చి ఒడ్డున కుమ్మరిస్తుంది. ఈశాన్య రుతుపవనాల్లో బంగాళాఖాతం గాలి వచ్చి శేషాచలాన్ని ఢీకొట్టినప్పుడు తిరుపతిలో కుంభవృష్టి, పీలేరు దాటితే తుంపర. అలాగే ఆ మంచు కూడా ఒక సన్నటి పట్టీలా పడుతుంది. ఊరికి ఒక చివర నడుము లోతు, ఇంకో చివర ఎండ. సరస్సు గడ్డకట్టేదాకా, అంటే డిసెంబరు, జనవరి, మీరు పోయే నెలలే దాని రోజులు.

2022 క్రిస్మస్‌కు అక్కడ వచ్చిన తుపాను మీరు టీవీలో చూసే ఉంటారు. విమానాశ్రయం దగ్గర నాలుగడుగులకు పైన పడింది. ఒకటిన్నర రోజు పాటు ఎదురుగా ఉన్న మనిషి కనపడలేదు. అంబులెన్సులు, ఫైరింజన్లు కూడా మంచులో ఇరుక్కుపోయాయి. ఆ చుట్టుపక్కల 40 మందికి పైగా చనిపోయారు. కార్లలో చిక్కుకున్నవాళ్లు, బయట నడుస్తూ పడిపోయినవాళ్లు, ఇంట్లో వేడి లేక పోయినవాళ్లు, పార చేతిలో ఉండగా గుండె ఆగినవాళ్లు, సాయం సమయానికి అందనివాళ్లు. మీ విషయంలో నన్ను బాధిస్తున్నది ఆ చివరి మాటే. నొప్పులు తుపాను రోజే మొదలైతే?

దీనికి జవాబు ముందే సిద్ధం చేసుకోవచ్చు. అక్కడి వాతావరణ శాఖ ఒకటి రెండు రోజుల ముందే చెబుతుంది. 'వాచ్' అంటే రావచ్చు, సర్దుకోండి. 'వార్నింగ్' అంటే వస్తోంది, కదలొద్దు. ముప్పై ఎనిమిదో వారం దాటాక వాచ్ పడగానే, వార్నింగ్ దాకా ఆగకుండా, ఆసుపత్రికి దగ్గర్లో ఉన్న స్నేహితుల ఇంటికో హోటలుకో అమ్మాయీ అల్లుడూ మారిపోవడం మేలు. మీరు మనవరాలితో ఇంట్లో ఉండొచ్చు. ఈ సంగతి ఆమె డాక్టరుతో ఇప్పుడే మాట్లాడమనండి, అక్కడి డాక్టర్లకు ఇది కొత్త ప్రశ్న కాదు. ఇరుక్కుపోతే, నొప్పులు మొదలవగానే 911. ఇంకాసేపు చూద్దామని ఆగకూడదు. అంబులెన్సు రావడం ఆలస్యమైనా ఫోన్లో ఒకరు చెబుతూ ఉంటారు. కారు వాడకాన్ని నిషేధించినప్పుడు, మన అల్లుడు డ్రైవింగులో గట్టివాడు అన్న ధైర్యం పనికిరాదు.

బట్టలు ఇక్కడ కొనొద్దు. తిరుమలలో పెట్టుకునే మంకీ క్యాపు, షాలువా ఏర్‌పోర్టు దాకా సరిపోతాయి. బూట్లు, కోటు అక్కడే కొనుక్కోండి. లోపల మాత్రం కాటన్ బనీన్లు వద్దు, నా అనుభవం చెప్పాను కదా. మీ వారి మందులు మూడు నెలలకు సరిపడా, డాక్టరు చీటీ మీద మందు అసలు పేరుతో రాయించి చేతి సంచీలో పెట్టుకోండి. ట్రావెల్ ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు పాత జబ్బుల కాలమ్ చదవండి. చాలా పాలసీలు స్టెంటు లాంటివాటికి పూర్తిగా కట్టవు. తినడానికి చెనిక్కాయల పొడి, బొరుగులు, రాగిపిండి చాలు. పొయ్యి లేకపోయినా పొడీ బొరుగులతో ఒక రోజు గడుస్తుంది. ఊరుబిండి రోట్లో నూరిందే కావాలని మీ వారు పట్టుబడితే అది కూడా కట్టుకోండి, అలిగినవాళ్లకు అది మందు.

ఇక్కడ ఉండే మీ అక్కచెల్లెళ్లకు, చిత్తూరులో వియ్యాలవారికి ఒక ఏర్పాటు చేసి పోండి. తుపాను రోజుల్లో గంటకొక ఫోన్ వస్తే ఛార్జింగు అయిపోతుంది, ఆ ఛార్జింగు 911కు కావాలి. మనకు పొద్దున ఏడయితే అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. ఆ వేళకు ఒక్క మెసేజీ, "అందరం బాగున్నాం" అని. అది ఒకరికి వస్తే వాళ్లు మిగతావాళ్లకు చెబుతారు. రాకపోతే సాయంత్రం దాకా ఆగమనండి, సెల్ టవరు కూడా మంచులోనే ఉంటుంది.

స్టెంటు వేసిన డాక్టరుగారిని బయల్దేరే ముందు మీ వారు ఒకసారి కలుస్తారు కదా, మంచు ఎత్తొచ్చా అని ఆయన్నే అడగమనండి. నా మాట, అల్లుడి మాట చేదుగా ఉంటే అది కాస్త మింగుడు పడొచ్చు. తుపాను వెలిసి ఎండ కాసిన పూట అల్లుడి పాత గ్లవ్స్ తొడుక్కుని, గుమ్మం బయట నిలబడి, మనవరాలికి ఒక గిన్నె నిండా మంచు తీసి లోపలికి తెమ్మనండి. ఆ మాత్రం ఎత్తొచ్చు.